మా ఊర్లో ఇప్పుడు ఎంతమంది ఉండారు, అందులో తెలుగోళ్ళు ఎంత?

ఆనేకల్_పక్క:
అందరికీ నమస్తే. మాది కర్ణాటకలో, బెంగళూరు పక్క ఆనేకల్ తాలూకాలో చిన్న ఊరు, ఒక పక్క రాగి చేన్లు, ఇంకో పక్క జిగణి ఫ్యాక్టరీలకి పోయే రోడ్డు. ఇంట్లో తెలుగు, బయట కన్నడ, తాతల కాలంనుంచీ అంతే. పంచాయతీలో జనాభా అడిగితే ఇప్పటికీ 2011 లెక్కే చెప్తారు. అప్పుడు మా ఇంటెనక చేను ఉండె, ఇప్పుడు అదే చేన్లో వరసగా షీట్ రూములు, ఒక్కో దాంట్లో నలుగురైదుగురు ఒడిశా, బీహార్, అస్సాం పిల్లోళ్ళు. నైట్ షిఫ్ట్ వాళ్ళు వచ్చి పడుకునే టైంకి డే షిఫ్ట్ వాళ్ళు లేచి పోతారు, చాప ఒకటే. నీళ్ళు మాత్రం పాత టాంకీవే, మూడు రోజులకొకసారి. అసలు ఎంతమంది ఉండారు, తెలుగువాళ్ళు ఎంతమంది అనేది ఎక్కడైనా దొరుకుతుందా? ఇంకా మాది ఇప్పుడు పల్లెనా, టౌనా?

లెక్కల_సారు:
సెన్సస్ సైట్లో ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ అని ఉంటుంది, ప్రతి ఊరికీ ఒక లైను. ఇళ్ళు, ఆడా మగా, ఆరేళ్ళలోపు పిల్లలు, ఎస్సీ ఎస్టీ, చదువొచ్చినవాళ్ళు, సేద్యం చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, ఇతర పనులవాళ్ళు అన్నీ దొరుకుతాయి గానీ భాష కాలమ్ అందులో ఉండదు. మాతృభాష టేబుల్ వేరే, రాష్ట్రం, జిల్లా లెవెల్లో చూసుకోవచ్చు. 2011లో కర్ణాటక జనం 6.11 కోట్లు, తెలుగు మాతృభాష అని రాయించినవాళ్ళు 35 లక్షల పైన, అంటే వందకి దాదాపు ఆరుగురు.
టౌన్ సంగతి అంటారా, జనం కనీసం 5,000 ఉండాలి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో 75 శాతం సేద్యం కాని పనుల్లో ఉండాలి. మూడూ కుదిరితే సెన్సస్ టౌన్ అంటారు, కానీ అది లెక్కల వరకే, పంచాయతీ పంచాయతీగానే ఉండొచ్చు, నీళ్ళు వాటంతట అవే రావు.

హోసకోటె_అక్క:
ఆ ఆరుగురు తక్కువే అని నా నమ్మకం. 2011లో మా ఇంటికి స్కూల్ సారు రాసుకోను వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నా. మాతృభాష ఏది అంటే మా మామ కన్నడ అని రాయించినాడు, పిల్లల బడి కన్నడ, ఊరు కన్నడ ఊరు కదా అని. వెంటనే లోపలికి తిరిగి అత్తతో "సారుకి మజ్జిగ తే" అని తెలుగులో అన్నాడు. సెన్సస్‌లో మాతృభాష అంటే చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష, బడి భాష కాదు. వచ్చిన ఇతర భాషలు ఏవని ఇంకో ప్రశ్న ఉంటుంది, కన్నడ అక్కడ రాయించాలి. కన్నడ మనకి అన్నం పెట్టిన భాష, దాన్నీ వదలక్కర్లేదు.

బాడిగ_ఇల్లు:
నేను రూములు బాడిగకిస్తా. మా పక్క కొందరు ఓనర్లు ట్యాక్స్ ఎక్కువేస్తారేమో అని రూముల్లోవాళ్ళ పేర్లు చెప్పరు, అది చాలా తప్పు. ఓటు, రేషన్ కార్డు ఏ ఊర్లో ఉన్నా సరే, లెక్కలప్పుడు ఇక్కడ కాపురం ఉంటే ఇక్కడే రాయించాలి. మన గ్రామ పంచాయతీకి 400 మందికి ఒక మెంబర్ అనేది కూడా సెన్సస్ జనాభా చూసే కదా. మా రూముల్లో అస్సాం వాళ్ళ పాప ఒకతి, నాలుగేళ్ళు, అంగన్‌వాడీలో నేర్చిన కన్నడ పాట పొద్దున్నే మెట్ల మీద కూచోని పాడుతుంది. ఆ పాప ఇంకా ఏ లెక్కలోనూ లేదు. వచ్చే సెన్సస్‌కి 2027 మార్చి 1 తేదీ పెట్టినారు, జనం పేర్లు ఫిబ్రవరిలో రాస్తారు, కులం కూడా అడుగుతారు.

ఆనేకల్_పక్క:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఎక్సెల్ దింపుకున్నా, మా ఊరి లైను దొరికింది. ఫిబ్రవరిలో ఎవరొచ్చినా నేనే వెంట పోయి రూములు చూపిస్తా. ఆదివారం పొద్దున రమ్మంటా, ఆ పూట రెండు షిఫ్టులవాళ్ళూ బట్టలు ఉతుక్కుంటా అక్కడే ఉంటారు.