మే చివర్లో లేహ్ నుంచి మనాలి: బైక్ మీద బారాలాచా లా (కనుమ) దాటొచ్చా?

నేనూ మా బావా, రెండు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకులు. సికింద్రాబాద్ నుంచి బళ్లు పార్సిల్‌లో జమ్మూకి, అక్కణ్నించి శ్రీనగర్, జోజి లా, కార్గిల్ మీదుగా మే 23కి లేహ్. ఇక్కడిదాకా బెంగ లేదు, జోజి లా ముందే తెరుస్తారు. చిక్కంతా దిగడంలోనే. మే 27, 28 తేదీల్లో సర్చు దాటి మనాలి చేరాలి.

అటల్ టన్నెల్ వచ్చాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే గొడవ పోయింది గానీ 4,890 మీటర్ల బారాలాచా లా అలాగే ఉంది. బీఆర్వో (సరిహద్దు రోడ్ల సంస్థ) మంచు తీసినా మొదట్లో ఫోర్ బై ఫోర్ బళ్లనే వదులుతారు, బైకులకు అనుమతి తర్వాతెప్పుడో. లాహౌల్ స్పితి పోలీసుల పాత ప్రకటనలు తిరగేశాను, ఏడాదికో తేదీ. మనాలిలో బైకులు అద్దెకిచ్చే ఇద్దరికి ఫోన్ చేస్తే ఒకరు ఢోకా లేదన్నారు, ఇంకొకరు జూన్ పదిదాకా రావద్దన్నారు!

సర్చులో చీకటితో బయల్దేరితే కనుమ మీద రోడ్డు గడ్డకట్టి జారుతుంది. ఎండెక్కాక వెళ్తే జింగ్‌జింగ్ బార్ దగ్గర మంచు కరిగి వాగులు పొంగుతాయి. పదుమ్, షింకు లా మీదుగా, బారాలాచాకి మనాలి వైపున్న దార్చాకి దిగుదామంటే అది ఇంకా ఎత్తు, ఐదువేల మీటర్ల పైమాట. శ్రీనగర్‌కే తిరిగి వెళ్లడం ఆఖరి మార్గం, మా బావకి అది సుతరామూ ఇష్టం లేదు.

మే ఆఖరి వారంలో బైక్ మీద సర్చు నుంచి దార్చాకి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ సంవత్సరం, బారాలాచా ఎన్ని గంటలకు దాటారో చెప్పగలరా?