అమలాపురంలో రెండు ఫైబర్ లైన్లున్నా ట్రేడింగ్ వేళ రెండూ ఒకేసారి పోతున్నాయి, ఏం చెయ్యాలి?

కోనసీమ_డెస్క్:
నమస్కారమండి. అమలాపురంలో నాలుగు సిస్టమ్‌ల చిన్న ట్రేడింగ్ డెస్క్. బ్రోకర్ ఏపీఐ (ప్రోగ్రామ్ నేరుగా ఆర్డర్లు పెట్టే దారి) మీద ఇండెక్స్ ఆప్షన్ల ఆల్గో (తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రామ్) నడుస్తుంది. రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్, తోడుగా 4జీ రౌటర్ ఉన్నాయి. అయినా వానాకాలంలోనూ, ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లోనూ రెండు ఫైబర్లూ కలిసే పోతున్నాయి. 4జీ మీదకి మారితే నెట్ వస్తుంది గానీ ఆర్డర్లు రిజెక్ట్ అవుతున్నాయి. మూడో కంపెనీ లైను తీసుకోమంటారా? రావులపాలెం నుంచి వైర్‌లెస్ లింకు లాగితే లేటెన్సీ (డేటా చేరడంలో ఆలస్యం) కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

భీమవరం_రూట్‌మ్యాప్:
మూడో కంపెనీ ఎందుకండి, ముందు రెండో దారి ఉందో లేదో చూసుకోండి. మీకు అటు గౌతమి, ఇటు వశిష్ఠ. బయటి నుంచి ఏ కేబులు రావాలన్నా ఏదో ఒక వంతెన పట్టుకునే రావాలి: జొన్నాడ, సిద్ధాంతం, చించినాడ, యానాం–ఎదుర్లంక, లేదా ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక. చించినాడ వైపు నుంచి వచ్చేది అమలాపురం చేరాలంటే మధ్యలో బోడసకుర్రు దగ్గర వైనతేయ కూడా దాటాలి. బిల్లు మీద పేర్లు రెండైనా, ఒక కంపెనీ ఇంకో కంపెనీ కేబుల్లో కోర్లు (లోపలి గాజు పోగులు) అద్దెకి తీసుకోవడం మామూలే.

ఇద్దర్నీ అడగాల్సింది ఒక్కటే: "మీ లైను ఏ వంతెన మీద గోదావరి దాటుతుంది?" బిజినెస్ లీజ్డ్ లైన్ అయితే రూట్ మ్యాపు రాతపూర్వకంగా అడగొచ్చు. ట్రేసర్‌రూట్ (డేటా ఏ రౌటర్ల మీదుగా పోతుందో చూపే కమాండ్) చూసి తేల్చకండి, కేబులు ఏ దారిన పోయిందో అందులో కనపడదు. మీ రౌటర్ లాగ్ ఇంకా నయం. రెండు లైన్లూ ఒకే సెకండులో పోతే తెగింది ఒకే కేబులు కావచ్చు. కరెంటు పోయిన గంటకో రెండు గంటలకో, పది నిమిషాల తేడాతో పోతే కేబుల్ తప్పు కాకపోవచ్చు, మధ్యలో ఉన్న నోడ్‌లో (కంపెనీ పరికరాలుండే చోట) బ్యాటరీలు అయిపోయి ఉంటాయి.

ఎండాకాలంలో పోవడానికి కారణం తెలిసిందే. కాలవ కట్టేశాక పూడిక తీసే జేసీబీ గట్టు పక్కన వేసిన డక్టుని (కేబులు పైపుని) లేపేస్తుంది. ఆ నెలల్లో గట్టు వెంట వచ్చే లైన్ని బ్యాకప్‌గా పెట్టుకుని, రోడ్డు వెంట స్తంభాల మీద వచ్చేదాన్ని ప్రధానం చేసుకోండి. వానాకాలం దానికి రివర్సు. కొబ్బరి మట్టలు పడేది స్తంభాల మీది కేబులు మీదేగా.

వైర్‌లెస్ మాట వదిలెయ్యండి. రావులపాలెం మీకు నేరుగా సుమారు 25 కి.మీ. 5.8 గిగాహెర్ట్జ్‌లో ఆ దూరానికి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్‌కి అడ్డు లేకుండా ఉండాల్సిన చోటు) వ్యాసార్థం 18 మీటర్లు, అందులో 60 శాతం, అంటే 11 మీటర్లు ఖాళీ ఉండాలి. భూమి వంపుకి ఇంకో 9. వాటి కింద 20 మీటర్ల కొబ్బరిచెట్లు. రెండు చివరలా 40 మీటర్ల టవర్లు వేస్తారా? వరి చేలల్లో నీళ్ళు నిలిచినప్పుడు ప్రతిఫలనం ఒకటి అదనం. ఇంతా చేసి గాలిలో కి.మీ.కి 3.3 మైక్రోసెకండ్లు, ఫైబర్లో 4.9, మిగిలేది మిల్లీసెకండులో పదో వంతు. రేడియో తన వంతు కోసం ఆగడానికే అంతకంటే ఎక్కువ తింటుంది. చికాగో–న్యూజెర్సీ మధ్య ట్రేడింగ్ కంపెనీలకి మైక్రోవేవ్ (ఇలాంటి వైర్‌లెస్ లింకే) లాభించిందంటే అది వెయ్యి కి.మీ. దాటిన దారి, లైసెన్సు ఫ్రీక్వెన్సీలు. వాళ్ళూ వాన పడితే ఫైబర్ మీదకి మారాల్సిందే.

కాకినాడ_ఆల్గో:
ఆర్డర్లు రిజెక్ట్ అవ్వడానికి నెట్‌తో సంబంధం లేదండి. రిటైల్ ఆల్గోల మీద 2025 ఫిబ్రవరి 4 నాటి సెబీ సర్క్యులర్ ప్రకారం బ్రోకర్ దగ్గర నమోదైన స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) నుంచే ఏపీఐ ఆర్డర్లు రావాలి. 4జీ మీదకి మారగానే మీ ఐపీ మారుతుంది, పైగా అది వందలమంది పంచుకునే ఐపీ.

ఆల్గోని అమలాపురం నుంచి తీసెయ్యండి. ముంబైలో ఒక క్లౌడ్ సర్వర్ తీసుకుని, దాని స్టాటిక్ ఐపీని బ్రోకర్ దగ్గర నమోదు చేయించండి. ఇక్కడి నుంచి దానికి వైర్‌గార్డ్ టన్నెల్ (వీపీఎన్ లింకు). ఇక్కడ ఏ లైను మారినా టన్నెల్ తనంతట తానే కొత్త దారి పట్టుకుంటుంది, బ్రోకర్‌కి కనపడే ఐపీ మాత్రం మారదు. కీప్‌అలైవ్ (టన్నెల్‌ని తెరిచి ఉంచే సంకేతం) 25 సెకండ్లు పెట్టండి. 4జీ మీద ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1280కి దించండి, లేకపోతే లాగిన్ అవుతుంది గానీ పెద్ద పేజీలు కదలవు. లేటెన్సీ బాధ కూడా దీంతోనే తీరుతుంది. ముంబై మీకు గీత గీసినట్టు కొలిచినా వెయ్యి కి.మీ., ఫైబర్లో రానూపోనూ 10 మిల్లీసెకండ్లకి తగ్గదు. అసలు కేబులు చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి పింగ్ (రానూపోనూ పట్టే టైము) రెండు మూడింతలు చూపిస్తుంది.

ఫెయిలోవర్‌కి (ఒక లైను పోతే ఇంకోదానికి మారడానికి) గేట్‌వేని, అంటే కంపెనీ వైపు మొదటి రౌటర్ని, పింగ్ చేస్తే లాభం లేదు. ఊళ్ళో గేట్‌వే పలుకుతూనే ఉంటుంది, వంతెన అవతల లైను తెగి ఉంటుంది. బయటి అడ్రసులు మూడు పెట్టి, సెకండుకోసారి చూసి, వరసగా మూడుసార్లు మూడూ పలక్కపోతేనే మార్చండి. తిరిగి పాత లైను మీదకి రావడానికి ఐదు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే అటూ ఇటూ గెంతుతూ వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) అస్తమానం తెగుతుంది.

రెండు కంపెనీలుంటే చాలనుకోవడం పెద్దవాళ్ళకీ తప్పలేదు లెండి. 2021 ఫిబ్రవరి 24న ఎన్ఎస్ఈలో ట్రేడింగ్ 11:40కి ఆగిపోయినప్పుడు, ఇద్దరు టెలికాం ప్రొవైడర్ల లింకుల్లోనూ సమస్య వచ్చిందని ఎక్స్ఛేంజే చెప్పింది. మళ్ళీ మొదలైంది 3:45కి.

కోనసీమ_డెస్క్:
సర్వర్ మాట బాగుందండి. ఒక లైన్ని అతికి వెళ్ళాక నెల తిరక్కుండా మొదటి వానకే మళ్ళీ పోతోంది. అతికేటప్పుడు మనం ఏం గమనించాలి?

జాయింటర్_రాజోలు:
తెగిన రెండు కొసల్నీ లాగి ఒకే జాయింట్ బాక్సులో కలిపారా అన్నది మొదట చూడండి. సరిగ్గా చేస్తే మధ్యలో 20–30 మీటర్ల కొత్త ముక్క వేసి రెండు బాక్సులు పెట్టాలి. 24 కోర్ల కేబులైతే 48 అతుకులు. పని సగానికి తగ్గించుకోవడానికి లాగి కట్టేస్తారు, గాలికి స్తంభం ఊగినప్పుడల్లా ఆ లాగుడు అతుకు మీద పడుతుంది.

అతికే చోట చూడాల్సింది చెయ్యి. పూత తీశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో (గాజు పోగుని నున్నగా కోసే పనిముట్టుతో) కోసి, వెంటనే అతికే మిషన్‌లో పెట్టాలి. కోసిన కోర్‌ని మళ్ళీ వేలితో గానీ గుడ్డతో గానీ ముట్టుకోకూడదు. పూత తీసేటప్పుడు గాజు మీద పడిన సన్న గీత ఆ రోజు ఏమీ చెయ్యదు. బాక్సులోకి తేమ చేరాక అదే పగులై సాగుతుంది. మీ లైను మొదటి వానకే పోవడం అందుకే కావచ్చు. ఉక్కపోత రోజుల్లో మిషన్‌కి ఆర్క్ క్యాలిబ్రేషన్ (కరిగించే మెరుపు వేడి సరిచూడడం) చేశాకే మొదలెట్టాలి. మిషన్ చూపే 0.02 డీబీ నష్టం అంచనా మాత్రమే. ఓటీడీఆర్‌తో (కేబుల్లోకి కాంతి పంపి నష్టం చూపే మిషన్‌తో) రెండు వైపుల నుంచీ కొలిచి, సగటు 0.1 లోపు ఉంటేనే ఒప్పుకోండి. నష్టం 1310 నానోమీటర్ల కాంతిలో లేకుండా 1550లోనే కనపడితే అతుకు బాగానే ఉంది, ట్రేలో కోర్‌ని మరీ చిన్న చుట్ట చుట్టారు.

బాక్సు మూసేముందు రబ్బరు గ్యాస్కెట్ మీద మట్టి తుడవాలి, కేబులు దూరని రంధ్రాలకి బిరడాలు పెట్టాలి. లంకల వైపు బాక్సు గుంటలో వద్దు, వరద గుర్తుకి పైన స్తంభానికి కట్టమనండి, పది మీటర్ల చుట్ట వదలమనండి.

మీ వంతుగా ఓఎన్‌టీ (మీ దగ్గరున్న ఫైబర్ మోడెమ్) పేజీలో ఆర్ఎక్స్ పవర్ (అందే కాంతి బలం) వారానికోసారి రాసుకోండి. −25 డీబీఎం కంటే కిందకి దిగనంత వరకు బాగున్నట్టు. −27కి వచ్చిందంటే ఎర్ర లైటు వెలక్కపోయినా ప్యాకెట్లు పోతుంటాయి. ఉన్నట్టుండి 2–3 డీబీ జారితే లైను పోకముందే ఫిర్యాదు పెట్టొచ్చు.

కాకినాడ_ఆల్గో:
తుఫాను రోజుల గురించి ఒక మాట. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు 4జీని నమ్మకండి. టవర్ బ్యాటరీలు కొన్ని గంటలే, ఆ తర్వాత డీజిల్ బండి నీళ్ళలోంచి రావాలి. మీ ఓఎన్‌టీ, రౌటర్ కలిపి 20 వాట్లు, 12.8 వోల్టుల 20 ఏహెచ్ లిథియం బ్యాటరీతో డీసీ యూపీఎస్ పెడితే పదకొండు గంటలు వస్తాయి. అటువైపు ఫైబర్ నోడ్, టవర్ రెండూ పడుకుంటే అదీ వృథాయే.

కాబట్టి ముంబై సర్వర్లో ఒక కాపలా పెట్టండి. మీ డెస్క్ నుంచి ఐదు సెకండ్లకోసారి సంకేతం రావాలి. అరవై సెకండ్లు రాకపోతే కొత్త ఎంట్రీలు ఆపి, పెండింగ్ ఎంట్రీ ఆర్డర్లు క్యాన్సిల్ చెయ్యాలి. స్టాప్‌లాస్‌ల (నష్టం ముదరకుండా ఆపే ఆర్డర్ల) జోలికి మాత్రం పోకూడదు, అవి ఎక్స్ఛేంజ్‌లో అలాగే ఉండాలి. ఆప్షన్లలో ఎస్ఎల్-ఎం (ట్రిగ్గర్ తగలగానే మార్కెట్ ధరకి వెళ్ళే స్టాప్‌లాస్) లేదు కాబట్టి ఎస్ఎల్-లిమిట్‌లో (ధరకి హద్దు పెట్టే స్టాప్‌లాస్‌లో) ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య తగినంత ఎడం ఇవ్వండి. బ్రోకర్ డీలింగ్ డెస్క్ నంబరు, మీ క్లయింట్ కోడ్ కాగితం మీద రాసి గోడకి అంటించండి.