పాత లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్: ఫోర్‌సైట్‌ను ఎటు జరపాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)
సభ్యులకు నమస్కారం. మా తాతగారి లీ ఎన్‌ఫీల్డ్ తరహా .315 ఇషాపూర్ రైఫిల్ లైసెన్సు ఇప్పుడు నా పేరు మీద ఉంది. అనుమతి ఉన్న రేంజ్‌లో ఇసుక బస్తా మీద ఆనించి 100 మీటర్ల దూరానికి కాల్చినప్పుడు గ్రూపింగ్ (తూటాలన్నీ దగ్గర దగ్గరగా పడటం) బాగానే వస్తోంది గానీ, ఆ గ్రూపు మొత్తం కేంద్రానికి సుమారు 16 సెం.మీ. ఎడమకు, 8 సెం.మీ. పైకి పడుతోంది. ఫోర్‌సైట్‌ను (బారెల్ మూతి దగ్గర ఉండే గురి ముక్కను) ఆకురాయితో అరగదీస్తే సరిపోతుందని ఒక వర్క్‌షాప్‌లో చెప్పారు. అరగదీసిన ఇనుము తిరిగి రాదు కనుక తెలిసినవారిని ముందుగా అడుగుతున్నాను.

సమాధానం (మాజీ ఆర్మరర్, గాజువాక)
దయచేసి ఆకురాయి ముట్టుకోవద్దు. ఫోర్‌సైట్ ఎత్తు తగ్గితే, గురి చూసేటప్పుడు బారెల్ మూతిని మరింత పైకి ఎత్తవలసి వస్తుంది కాబట్టి, ఇప్పటికే పైకి పోతున్న తూటా ఇంకా పైకి పోతుంది. మీకు కావలసింది ఎత్తైన బ్లేడ్ (ఫోర్‌సైట్‌లోని నిలువు రేకు). పక్కకు సరిచేయడానికి మాత్రం, తూటా ఏ వైపుకు తప్పుతోందో ఫోర్‌సైట్‌ను ఆ వైపుకే, అంటే మీ విషయంలో ఎడమకే జరపాలి.

ఎంత జరపాలన్నది లెక్కకు అందే విషయమే. రెండు సైట్ల (ముందు ఫోర్‌సైట్, వెనుక బ్యాక్‌సైట్) మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. అది అర మీటరు ఉంటే, 100 మీటర్లు దానికి 200 రెట్లు కాబట్టి, సైట్‌లో ఒక మిల్లీమీటరు టార్గెట్ మీద 20 సెం.మీ. అవుతుంది. 16 సెం.మీ. సరిచేయడానికి 0.8 మి.మీ. చాలు. ఎత్తు విషయంలో తొందరపడకండి. సైన్యం వాడిన .303 లీ ఎన్‌ఫీల్డ్‌లో బ్యాక్‌సైట్ మీద ఉండే దూరపు అంకెల్లో కనిష్ఠమైనది 200 గజాలు కాబట్టి, 100 గజాల దగ్గర తూటా కొన్ని సెంటీమీటర్లు పైన తగలడం సహజమే. మీ బ్యాక్‌సైట్ మీద కనిష్ఠ అంకె ఎంతో చూసుకోండి. .303 బ్లేడ్లు అంగుళంలో 0.015 వంతు, అంటే దాదాపు 0.38 మి.మీ. తేడాతో వచ్చేవి. ఈ సైట్ల దూరానికి ఒక్క మెట్టు ఎత్తైన బ్లేడ్ వేస్తే తూటా సుమారు ఏడున్నర సెం.మీ. దిగుతుంది.

సమాధానం (ఎన్‌సీసీ మాజీ కేడెట్, మధురవాడ)
ఆర్మరర్ గారి మాటకు ఒకటి చేర్చాలి. సముద్రపు తేమకు మన ఊళ్లో చెక్క ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. ఈ రకం రైఫిల్లో ముందు చెక్క బారెల్‌ను పట్టి ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి మారితే గురి కూడా మారుతుంది. అందుకని ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ బిగువుగా ఉందో లేదో చూసి, మరొక రోజు అదే బ్యాచ్ తూటాలతో కాల్చి, గ్రూపు అక్కడే పడితేనే సైట్‌ను కదపండి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. స్క్రూ బిగువుగానే ఉంది. బ్లేడ్ మాత్రం తుప్పుతో పట్టేసినట్టు కనిపిస్తోంది.

సమాధానం (మాజీ ఆర్మరర్, గాజువాక)
మ్యాగజీన్, బోల్ట్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసిన తరువాతే పని మొదలుపెట్టండి. బ్లేడ్ కూర్చున్న గాడిలో తుప్పు వదిలే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. బ్లేడ్ కదలకుండా పంచ్‌తో కొట్టిన గుర్తు ఉంటే, దాన్ని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేత విడిపించడం మేలు. జరిపే ముందు బ్లేడ్ మీదా, దాన్ని పట్టి ఉంచే దిమ్మ మీదా కలిసేలా సన్నని గీత గీయండి. ఎంత కదిలిందో ఆ గీతే చెబుతుంది. బారెల్‌కు కింద ఆసరా ఇచ్చి, ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టండి. మొదట సగమే జరిపి, కాల్చి చూసి, మిగతాది తరువాత జరపండి.