పెళ్ళికి వచ్చినా మేడ మీదే ఉండే తమ్ముడు: స్వభావమా, జబ్బా?

ప్రశ్న (పెద్దక్క):
అందరికీ నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కడే అద్దెగదిలో ఉంటున్నాడు. ఇంటికి క్రమం తప్పక ఫోన్ చేస్తాడు, పనిలోనూ అతడికి మంచి పేరే ఉంది. కానీ బంధువుల పెళ్ళికి వస్తే అక్షింతలు వేసి, మొదటి పంక్తిలోనే భోజనం ముగించి, పుస్తకం పట్టుకుని మేడ మీదకు వెళ్ళిపోతాడు. చిన్నప్పటి నుంచీ ఇంతే. నాన్నగారు దీన్ని పొగరంటారు, అమ్మ దిష్టి తీస్తుంది, మేనత్త అయితే డాక్టరుకు చూపించమని నలుగురిలో అనేసింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం. దీనికి నిజంగా వైద్యం అవసరమా? అమ్మాయి తరఫువారికి ఏమని చెప్పాలి?

జవాబు 1 (కౌన్సెలింగ్ రంగంలో ఉన్నవారు):
మీరు రాసినదాన్ని బట్టి ఇది స్వభావమేననిపిస్తోంది. ఏకాంతాన్ని ఇష్టపడే అంతర్ముఖులకూ, నలుగురిలో ఉండటాన్ని ఇష్టపడే బహిర్ముఖులకూ ఉన్న తేడాను మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లోనే వివరించాడు. అంతర్ముఖత్వాన్ని వైద్యులు జబ్బుగా లెక్కించరు. అయితే వెళ్ళాలని మనసులో ఉండి కూడా, నలుగురూ తనను చూసి ఏమనుకుంటారోనన్న భయంతో గుండెదడ వచ్చి ఆగిపోతుంటే దానికి చికిత్స ఉంది. కలుపుగోలుగా తిరిగిన మనిషి ఉన్నట్టుండి ముడుచుకుపోయి, నిద్రా తిండీ తగ్గి, ఇష్టమైన పనులను కూడా వదిలేస్తే కుంగుబాటును అనుమానించాలి. అలాంటి సందేహముంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందుగా అతడినే అడగండి, మేనత్తగారి ఎదుట మాత్రం వద్దు.

జవాబు 2 (భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
హైడ్రోజన్ ఒక ప్రత్యేక వాయువని 1766లో చూపిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్, పనివాళ్ళకు ఎదురుపడటం ఇష్టం లేక, ఏం వండాలో చీటీ రాసి బల్ల మీద పెట్టేవాడని చెబుతారు. 1797-98లో భూమి సాంద్రతను కొలిచినప్పుడు, సీసపు గోళాలున్న గదిలో వేడి కాస్త హెచ్చుతగ్గులైనా గాలి కదిలి కొలత చెడుతుందని, బయటే ఉండి దూరదర్శినితో చూసి లెక్కలు రాసుకున్నాడు. ఆ పని అతడి స్వభావానికి అతికినట్టు సరిపోయింది! అంతటివాడూ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యుల విందులకు మాత్రం క్రమం తప్పక వెళ్ళేవాడు, ఎందుకంటే అక్కడ తనకు నచ్చిన విషయాల మీద మాటలు నడిచేవి. జీతమెంత, పెళ్ళెప్పుడు అన్న ప్రశ్నలు తప్ప మరో మాట లేని పందిట్లోంచి మీ తమ్ముడు మేడ ఎక్కడంలో నాకు తప్పేమీ కనిపించదు.

జవాబు 3 (గోదావరి కోడలు):
కావెండిష్‌గారు చీటీ రాసి పెడితే, వండిపెట్టినవారు వేరే ఉన్నారు కదా. మా అత్తవారింట్లోనూ ఒక ఏకాంతప్రియుడున్నారు, మా మామగారు. చుట్టాలొస్తే ఆయన గది తలుపు వేసుకుంటారు. కాఫీలిచ్చి, ఆయన రాలేదేమని అడిగినవారికి సర్దిచెప్పే పని అత్తగారిది. ఆవిడకూ ఒక అరగంట తలుపు వేసుకుని కూర్చోవాలని ఉంటుందేమోనని ఎవరూ అడిగినట్టు లేదు. జనసమూహం మీద ఆసక్తి లేకపోవడాన్ని గీత 13వ అధ్యాయం జ్ఞానలక్షణాల్లో చేర్చిందని మామగారు తరచూ గుర్తుచేస్తుంటారు. అదే వరుసలో అహంకారం లేకపోవడం కూడా ఉందని అత్తగారు ఒకసారి అననే అన్నారు.

కాబట్టి అమ్మాయివారితో "మావాడు నెమ్మదస్తుడు" అని సరిపెట్టవద్దు. చుట్టాలు వచ్చినప్పుడు ఇంటి పని ఎలా పంచుకుంటారో, రోజులో ఎవరికి ఎంతసేపు ఏకాంతం కావాలో వాళ్ళిద్దరినే మాట్లాడుకోనివ్వండి. ఒంటరిగా ఉండటాన్ని ఇష్టపడే అమ్మాయిలూ ఉన్నారు. నలుగురిలో కలవదన్న సాకుతో వాళ్ళ సంబంధాలను తిరగ్గొట్టేది మనమే.