పడవ మీది టేకు: వార్నిష్ పెచ్చులు, డెక్ మీద నల్ల మచ్చలు, ఏం చెయ్యాలి?

చుక్కాని:
34 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. హ్యాండ్‌రెయిళ్ళ మీదా, అంచు వెంబడి ఉండే టో రెయిల్ మీదా వార్నిష్ అతుకుల దగ్గర పెచ్చులు లేస్తోంది, కింద చెక్క నల్లబడింది. డెక్ మీది టేకు మొత్తం బూడిద రంగుకి తిరిగింది. పలకల సందుల్లోని రబ్బరు పైకి పొడుచుకొచ్చింది. సందేహాలు మూడు. రెయిళ్ళకి నూనె పట్టించాలా, వార్నిషే మళ్ళీ వెయ్యాలా? రెండు సీసాల క్లీనర్‌తో తోమితే డెక్‌కి పాత రంగు వస్తుందంటున్నారు, తోమవచ్చా? నల్ల మచ్చలు పోతాయా?

కొడతి_ఉలి:
ముందు డెక్ సంగతి చూద్దాం. రబ్బరు పైకి రాలేదండీ, చెక్కే కిందికి దిగిపోయింది.

టేకులో మెత్తటి నార, గట్టి నార చారలు చారలుగా పక్కపక్కనే ఉంటాయి. నార వెంబడి గట్టి బ్రష్ పెట్టి తోమితే మెత్తటిది కొట్టుకుపోయి గట్టిది గట్లలా మిగులుతుంది. పలకకి అడ్డంగా వేలిగోరు పెట్టి లాగి చూడండి. దువ్వెన పళ్ళ మీద లాగినట్టు టకటకమంటే జరిగింది అదే. ఆ గాళ్ళలో మట్టి, నాచు చేరతాయి, వాటి కోసం మళ్ళీ తోముతారు, గాళ్ళు ఇంకా లోతవుతాయి. ప్రెషర్ వాషర్ ఇదే పని ఇంకా తొందరగా చేస్తుంది.

రెండు సీసాల క్లీనర్‌లో మొదటిది సాధారణంగా కాస్టిక్ సోడా లాంటి ఘాటైన క్షారం, రెండోది దాన్ని విరిచే ఆమ్లం. క్షారం మురికితో పాటు చెక్కలోని నూనెనీ మెత్తటి నారనీ తినేస్తుంది. బంగారు రంగు తేలిందంటే పైన ఒక పొర పోయిందని లెక్క. పక్కకి కారితే అల్యూమినియం సామాన్ల మీద పూత, పెయింట్ కూడా దెబ్బతింటాయి. డెక్ అరిగి ఉన్నప్పుడు దాని జోలికి పోకండి.

బూడిద రంగు జబ్బేమీ కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పైపైన ఉన్న లిగ్నిన్ (చెక్క నారని పట్టి ఉంచే పదార్థం) విరిగిపోయి, మిగిలిన నార వెండి రంగుకి వస్తుంది. ఆ పలచటి పొర కింద చేవ చెక్కుచెదరదు. డెక్‌ని అలాగే ఉండనిచ్చి, వారానికోసారి బకెట్‌తో సముద్రపు నీళ్ళు పోసి, స్పాంజి గానీ మెత్తటి బ్రష్ గానీ నారకి అడ్డంగా ఆడించండి. ఉప్పుకి నాచు అంతగా పట్టదు. డెక్‌కి వార్నిష్ మాత్రం వద్దే వద్దు, తడి కాలు పడితే జారుతుంది.

సాండర్ పట్టాలనిపిస్తే ముందు మందం కొలవండి. స్క్రూలతో బిగించిన డెక్‌లు కొత్తలో సుమారు 10–12 మి.మీ. ఉంటాయి, జిగురుతో అతికించినవి 6 మి.మీ. దాకా మాత్రమే ఉండొచ్చు. స్క్రూ తల మీది టేకు బిరడా 3 మి.మీ. కంటే పలచబడి ఉంటే ఇక అరగదీయడానికి చెక్క లేదనే అర్థం.

నీటిరేఖ:
రెయిళ్ళకి నా ఓటు వార్నిష్‌కే, అయితే ఏటా పని పెట్టుకోగలిగితేనే. అవిసె నూనె వేసిన రోజు కళ్ళు చెదిరేలా ఉంటుంది. బయట ఎండలో కొన్ని వారాలకే వాడిపోతుంది, నల్లబడుతుంది, బూజుకి మేతవుతుంది. ఆ రెండిటికీ మధ్యరకం, రంగు కలిపిన పారదర్శక పూతలు. మూడు పూతలు చాలు, మరమ్మతు తేలిక, కాకపోతే కాస్త నారింజ రంగు తేలి నార మసకబారుతుంది. వీటిలో ఏదీ వద్దనుకుంటే రెయిళ్ళని కూడా బూడిద రంగులో వదిలేయవచ్చు, అందులో తప్పేమీ లేదు.

వార్నిషే అనుకుంటే, పెచ్చుల మీద కొత్త పూత వెయ్యకండి. లోపల తడి ఉంది కాబట్టే లేస్తోంది. హీట్ గన్‌తో మెత్తబరిచి స్క్రేపర్‌తో గీకెయ్యండి. గన్ ఒకేచోట నిలిపితే చెక్క మాడుతుంది, పక్కనున్న జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పైపూత) బొబ్బలెక్కుతుంది, అందుకని రేకు ముక్క అడ్డం పెట్టుకోండి. తర్వాత 80, 120, 180 నంబర్ సాండ్‌పేపర్లు వరసగా. పదునైన అంచులన్నీ సుమారు 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా చెయ్యండి. పదును అంచు మీద వార్నిష్ నిలవదు, రెండు పక్కలకీ జారి అక్కడ పలచబడుతుంది. తర్వాత పూత ముందుగా పగిలేది ఆ గీత మీదే.

లంగరు:
నల్ల మచ్చల గురించి. స్క్రూలు, ఇనుప సామాను చుట్టూ ఉన్నవైతే తుప్పుకీ చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థానికీ పుట్టిన మరకలు. వీటికి ఆక్సాలిక్ ఆమ్లం. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 గ్రాములు కరిగించి, మచ్చ మీదే కాకుండా ఆ ముక్క మొత్తానికీ పూసి 20 నిమిషాలు తడిగా ఉంచి, నీళ్ళతో బాగా కడగండి. మచ్చ మిగిలితే ఇంకోసారి. ఇది విషం, రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. సరిగ్గా కడక్కపోతే తెల్లటి పలుకులు మిగులుతాయి, ఆరాక సాండ్‌పేపర్ పట్టినప్పుడు ఆ ధూళి ముక్కులోకి పోతుంది. తుప్పు పట్టిన స్క్రూ మార్చకపోతే మచ్చ తిరిగి వస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వేసుకోండి. స్టీల్ ఉన్ని మాత్రం పడవ ఎక్కనివ్వకండి. దాని తునకలు నారలో ఇరుక్కుని చుక్కచుక్కగా తుప్పు పడతాయి. కావాలంటే కంచు ఉన్ని వాడండి.

చుక్కాని:
స్క్రూ మార్చాలంటే బిరడా ఊడదీయాలి కదా, చుట్టూ చెక్క విరక్కుండా ఎలా? వార్నిష్ ఎన్ని పూతలు?

కొడతి_ఉలి:
బిరడా మధ్యలో 3 మి.మీ. బెజ్జం చేసి, అందులో చెక్క స్క్రూ తిప్పండి. దాని మొన కిందున్న స్క్రూ తలకి తగలగానే బిరడా తనంతట తానే పైకి లేస్తుంది. కొత్త బిరడాని వార్నిష్‌లో ముంచి, దాని నార పలక నారతో కలిసేలా తిప్పి, కొడతితో మెల్లగా దింపండి. ఎపాక్సీ జిగురు పెడితే రేపు తీసేవాళ్ళు తిట్టుకుంటారు.

ఆరాక, పైకి మిగిలిన బిరడా ముక్కని ఉలితో ఒక్క దెబ్బకే పలక మట్టానికి కోసేయకండి, నార లోపలికి చీలి గుంట పడుతుంది. మొదటి కోత 2 మి.మీ. పైనే పెట్టండి. చీలిక ఏ వైపుకి దిగుతోందో కనపడుతుంది. రెండో కోత దానికి ఎదురువైపు నుంచి.

నీటిరేఖ:
మొత్తం ఎనిమిది పూతలు. మొదటిది సగానికి సగం థిన్నర్ కలిపి, రెండోదానికి పాతిక శాతం, మూడోదానికి పది, ఆ పైన చిక్కగానే. థిన్నర్ ఆ వార్నిష్ కంపెనీ చెప్పినదే వాడండి. మొదటి పూతకి ముందు అసిటోన్ గుడ్డతో తుడవండి. గుడ్డ పసుపుపచ్చగా వస్తుంది, అదే టేకు నూనె. రంగు దిగడం తగ్గేదాకా గుడ్డలు మార్చి, అసిటోన్ ఎగిరిపోగానే పూత మొదలుపెట్టండి. ఆలస్యమైతే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. పూత పూతకీ మధ్య 24 గంటలు, 320 నంబర్‌తో తేలిగ్గా రుద్దడం. కోసిన చివరలు నీళ్ళు పీలుస్తాయి, అక్కడ రెండు పూతలు ఎక్కువ.

డబ్బా ఊపకండి, కర్రతో కలపండి, వేరే గిన్నెలోకి వడకట్టుకోండి. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నంలోపే ముగించండి. మండే ఎండలో ద్రావకం ఉడికినట్టై బుడగలొస్తాయి. సాయంత్రం మంచు తగిలితే మెరుపు చచ్చిపోయి పాలిపోతుంది. పక్కలకి అంటకుండా అతికించుకున్న టేపుని వార్నిష్ గట్టిపడకముందే లాగెయ్యండి. మెరుపు తగ్గడం చూసినప్పుడు 320తో రుద్ది రెండు పూతలు వెయ్యండి. గట్టి ఎండ ఉండే చోట ఆరు నెలలకే అవసరం పడొచ్చు.

లంగరు:
నూనె వాడే ఎవరికైనా ఒక మాట. నూనె అంటిన గుడ్డలు ముద్దగా వదిలేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరెయ్యండి, లేదంటే నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

చుక్కాని:
డెక్ సందుల్లో పైకి ఉన్న రబ్బరుని ఏం చెయ్యాలి?

కొడతి_ఉలి:
పదునైన బ్లేడుతో చెక్క మట్టానికి కోసేయండి. పైకి ఉంటే కాలు తగిలిన ప్రతిసారీ అంచు ఊడుతుంది. చెక్కని విడిచిపెట్టేసిన చోట మాత్రం మొత్తం తీసి కొత్తది నింపాలి. కొంకి పనిముట్టుతో లాగేసి, సందు గోడలకి 80 నంబర్ పట్టి, అసిటోన్‌తో తుడిచి, అడుగున సన్నటి అంటుకోని టేపు పరచండి. రబ్బరు రెండు గోడలకే పట్టుకోవాలి. అడుగుకి కూడా అంటుకుంటే చెక్క ఎండకి కుదించుకున్నప్పుడు సాగలేక చిరుగుతుంది. పాలీసల్ఫైడ్ రకం రబ్బరైతే నింపే ముందు గోడల మీద ప్రైమర్ పూయండి. నాజిల్‌ని వెనక్కి లాగుతూ కాకుండా ముందుకి తోస్తూ నింపండి, అప్పుడు కింద గాలి చిక్కదు. కాస్త పొంగి ఉండేలా వదిలి, పూర్తిగా గట్టిపడ్డాకే మట్టానికి కోయండి.