ఉంగరాల జుట్టుకి కొత్తగా డ్రెడ్‌లాక్స్: మొదటి నెలలు మీరెలా గడిపారు?

కొత్తమెలి

అందరికీ నమస్కారం. నా జుట్టు బాగా ఉంగరాలు తిరిగి ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు లాగి కొలిస్తే 18 సెంటీమీటర్లు, ఆరాక చెవుల దగ్గరే ఆగిపోతుంది. మూడు వారాల కిందట రెండు పాయల మెలితో డ్రెడ్స్ (పాయలుగా ముడిపడి జడలు కట్టే జుట్టు) మొదలుపెట్టించుకున్నాను, మొత్తం 64. మొదటి వారం అద్దంలో చూసుకున్నప్పుడల్లా ముచ్చటేసేది. ఇప్పుడు చూస్తే సగం మెలికలు కొసల దగ్గర విడిపోయాయి, నడినెత్తి మీద వెంట్రుకలన్నీ పైకి లేచాయి, పైగా ఒకటే దురద. తలస్నానం చేస్తే ఉన్నవి కూడా విడిపోతాయేమోనని ఇంతవరకు తలకి నీళ్లే తగలనివ్వలేదు. మళ్లీ మెలి పెట్టించుకోమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు చెప్తున్నారు. మీరు మొదటి ఆరు నెలలు ఏం చేశారో, ఏం చేయకుండా ఉండాల్సిందనిపించిందో దాచుకోకుండా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

ఏడేళ్లజడ

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీరు చెప్పినవన్నీ మూడో వారంలో జరగాల్సినవే. నావి ఇప్పుడు ఏడేళ్లవి, దువ్వెన కొసతో చుట్టిన చిన్న చిన్న చుట్టలతో మొదలుపెట్టాను, నాలుగో వారానికి నాకూ తలంతా ఇలాగే రేగిపోయింది.

మెలి పెడితే డ్రెడ్ కట్టేయదండీ, ఆ పాయ పక్క పాయలోకి పోకుండా పట్టుకుని ఉంచుతుంది, అంతే. కట్టేది రాలే వెంట్రుకల వల్ల. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 దాకా వెంట్రుకలు రాలతాయి, మామూలుగా అయితే దువ్వెనతో వచ్చేస్తాయి. దువ్వడం ఆపేశాక అవి పాయలోనే ఉండిపోయి, పక్కనున్న వాటి చుట్టూ తిరిగి, ఉంగరాలు ఉన్నాయి కాబట్టి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని లోపల ముడి పడతాయి. ఇప్పుడు పైకి లేచి మీకు చిరాకు తెప్పిస్తున్న వెంట్రుకలు కూడా నెమ్మదిగా ఆ ముడిలోకే వెళ్తాయి. జెల్ రాసి వాటిని అణిచే కొద్దీ ఆ పని ఆలస్యమవుతుంది.

ఒక పని చేయండి. చెవి వెనక ఉన్న ఒక్క డ్రెడ్ తీసుకుని, కుదురు నుంచి కొస దాకా బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా జార్చి చూడండి. ఇప్పుడైతే మెత్తగా ఉంటుంది, మామూలు జుట్టులాగే జారిపోతుంది. రెండో నెల దాటాక ఏదో ఒకరోజు మధ్యలో ఒకచోట మిరియం గింజంత గట్టిగా తగులుతుంది. నొక్కితే పక్కకి జరగదు, గోటితో విప్పుదామన్నా రాదు. నాకు అది పదకొండో వారంలో ఎడమ చెవి వెనక తగిలింది, ఆ రోజు ఎన్నిసార్లు తడిమి చూసుకున్నానో. అక్కడి నుంచి ముడి అటూ ఇటూ పెరుగుతుంది. ఆ నెలల్లో డ్రెడ్ మధ్యలో ఉబ్బుతుంది, పొట్టిగా అయిపోతుంది, ఒక్కోటి ఒక్కో దిక్కుకి నిలబడుతుంది. చాలామంది భయపడి కత్తిరించేసుకునేది అప్పుడే, ఇంకో మూడు నెలలు ఆగితే చాలు అనిపిస్తుంది నాకు వాళ్లని చూస్తే. కుదురు నుంచి కొస దాకా గట్టిపడడానికి నాకు 16 నెలలు పట్టింది. ఏడాది నుంచి ఏడాదిన్నర మామూలే, ఉంగరాలు వదులుగా ఉంటే ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

వాననీరు

తలస్నానం గురించి నేను చెప్తాను, ఎందుకంటే అందులో నేను రెండు వైపులా తప్పు చేశాను.

మొదట మీలాగే భయపడి ఏడు వారాలు కడగలేదు. మాడు మీద జిడ్డు, చనిపోయిన చర్మం పేరుకుని పెచ్చులు పెచ్చులుగా లేచింది, గోకీ గోకీ పుండ్లు పడ్డాయి. జిడ్డుగా ఉన్న వెంట్రుక జారిపోతుంది, శుభ్రంగా పొడిగా ఉన్న వెంట్రుకే పక్క వెంట్రుకని పట్టుకుంటుంది అన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. అంటే కడగకుండా ఉండి నేను పోగొట్టుకున్నదే ఎక్కువ. దువ్వెన చుట్టలైతే త్వరగా విడిపోతాయి కాబట్టి మూడు నాలుగు వారాలు ఆగడంలో అర్థం ఉంది. రెండు పాయల మెలి గట్టిది, మీరు ఈ వారమే కడిగేయొచ్చు.

ఎలా కడగాలంటే, పల్చటి నైలాన్ మేజోడు కానీ వల టోపీ కానీ తలకి వేసుకోండి. షాంపూని ముందే మగ్గులో నీళ్లలో కలిపి, ఆ నురగని టోపీ మీదుగా కుదుళ్ల మీద పోసి, వేళ్ల కొసలతో మాడుని మాత్రం నొక్కుతూ రుద్దండి. డ్రెడ్స్‌ని విడిగా రుద్దక్కర్లేదు, జారే నురగ చాలు. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. ఇక్కడ తొందరపడితే లోపల షాంపూ మిగిలిపోతుంది. కండిషనర్ కలిసిన షాంపూ ఇప్పుడు వద్దు, అది జుట్టుని జారేలా చేసి విప్పేస్తుంది.

రెండో తప్పు ఆరబెట్టడంలో. ఆరో నెలలో ఒకరోజు రాత్రి తలస్నానం చేసి, తడిగానే మూటలా కట్టుకుని పడుకున్నాను. ఆ నెలంతా అదే అలవాటైపోయింది. పైకి ముట్టుకుంటే పొడిగానే ఉండేది. కానీ నీళ్లు తగిలినప్పుడల్లా మూలన పడేసిన తడిగుడ్డ వాసన వచ్చేది, ఆరాక పోయేది, మళ్లీ తడిస్తే వచ్చేది. లోపల బూజు పట్టిందన్నమాట. పలచగా నీళ్లు కలిపిన ఆపిల్ వెనిగర్‌లో నానబెట్టి కడిగి, ప్రతిసారీ పూర్తిగా ఆరబెట్టి, నాలుగు వాష్‌ల తర్వాత చాలావరకు వదిలింది. వెనక కింది వరసలో రెండిటికి మాత్రం పోలేదు, కత్తిరించేశాను. అప్పటి నుంచి పొద్దున్నే కడుగుతాను, టవల్‌తో ఒక్కోదాన్నీ పట్టి పిండుతాను, ఎండ పడే చోట కూర్చుంటాను. డ్రెడ్ లావు పెరిగే కొద్దీ ఆరే సమయం పెరుగుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి.

సన్నపాయ

డ్రైయర్ వాడితే పాడైపోవా?

వాననీరు

చల్లగాలి మీదో, తక్కువ వేడి మీదో పెట్టి వాడితే ఏమీ కాదండీ. కుదుళ్ల దగ్గర ఎక్కువసేపు ఉంచండి, కొసలు వాటంతట అవే ఆరతాయి.

పట్టుతలపాగా

మైనం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను, దయచేసి దాని జోలికి పోవద్దు. నాకు మొదలుపెట్టిన చోట తేనెమైనం కుదురు నుంచి కొస దాకా పట్టించారు, డ్రెడ్ త్వరగా గట్టిపడుతుందని చెప్పారు. నిజంగానే మర్నాటికే గట్టిగా అయ్యాయి, అయితే ఆ గట్టితనం జుట్టుది కాదు, మైనానిది. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీల పైన వేడి కావాలి. అంత వేడినీళ్లు తల మీద పోసుకోలేం కదా, ఇక అది లోపలే ఉండిపోతుంది. నీటిని లోపలికి పోనివ్వదు, పోయినదాన్ని బయటికి రానివ్వదు, దుప్పటి నూగు, దుమ్ము అన్నీ పట్టుకుంటుంది. ఎనిమిది నెలల తర్వాత ఒకదాన్ని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో బూడిదరంగు ముద్ద, వేళ్లకి జిగురుగా అంటుకుంది. మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండోసారి నీళ్లు తప్ప ఏమీ వాడలేదు.

ఇంకోటి, పడుకునేటప్పుడు తలకి శాటిన్ గుడ్డ కట్టుకోండి, లేకపోతే దిండు గలీబైనా శాటిన్‌ది వాడండి. నూలు గుడ్డ నూగు అంతా డ్రెడ్‌లోకి ఎక్కుతుంది. కొత్తలో చేత్తో తీసేయొచ్చు, ముడి బిగుసుకున్నాక ఇక రాదు. తెల్ల టవల్ బదులు ముదురు రంగుది, నూగు రానిది వాడితే మంచిది.

నల్లఉంగరం

మళ్లీ మెలి పెట్టించుకోమని చెప్పినవాళ్ల మాట వినకండి, కనీసం ఇప్పుడే వద్దు. నా అనుభవం ఇది. కొత్తలో నాకు నీట్‌గా కనిపించాలన్న పట్టుదల ఎక్కువ, వారం వారం వెళ్లి కుదుళ్లు బిగించుకునేదాన్ని. అక్కడివాళ్లు కూడా రమ్మనేవాళ్లే తప్ప ఆగమని ఒక్కసారీ అనలేదు. బిగించిన రోజు రాత్రి పక్కకి తిరిగి పడుకోలేకపోయేదాన్ని, కుదుళ్ల దగ్గర చిన్న చిన్న తెల్ల పొక్కులు లేచేవి, అదంతా మామూలే అనుకున్నాను. ఐదు నెలలకి కణతల దగ్గర డ్రెడ్స్ కుదుళ్లు దారంలా సన్నబడ్డాయి, రెండు వాటంతట అవే ఊడి చేతిలోకొచ్చాయి. చర్మం డాక్టర్‌కి చూపిస్తే, లాగి లాగి కుదుళ్లు దెబ్బతిన్నాయి, ఇప్పుడే ఆపితే తిరిగి వస్తాయి, ఇలాగే సంవత్సరాల తరబడి లాగితే ఆ చోట ఇక రాకపోవచ్చు అని చెప్పారు. ఆపేశాను. ఏడాదికి చాలావరకు వచ్చాయి, ఎడమ కణత దగ్గర మాత్రం ఇంకా పలచగానే ఉంది.

ఇప్పుడు ఐదారు వారాలకోసారి, అదీ తడి చేశాక, వదులుగా. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, అంతకన్నా ముందు వెళ్తే మెలి పెట్టడానికి కొత్త జుట్టే ఉండదు, ఉన్న కుదురునే పీకుతారు. నొప్పి పుడితే అక్కడికక్కడే చెప్పి వదులు చేయించుకోండి, మొహమాటపడకండి. పొడిజుట్టుని మెలి పెడితే తెగుతుంది, అదొకటి.

ఒంటిసూది

నా జుట్టు ఉంగరాలు వదులుగా ఉంటాయి, మెలి పెట్టించుకుంటే రెండు వాష్‌లకే మొత్తం విడిపోయింది. అలాంటివాళ్లకి మెలి నిలవదు. పాయని కుదురు వైపు వెనక్కి దువ్వి చిక్కు పెట్టి, క్రోషే సూదితో బయటి వెంట్రుకలని లోపలికి లాగడమే నాకు పనిచేసింది. సూది సన్నగా ఉండాలి, 0.5 నుంచి 0.75 మిల్లీమీటర్లది. కొక్కెం లావుగా ఉంటే వెంట్రుకలు తెగుతాయి. ఇప్పుడు మూడేళ్లు.

ఏడేళ్లజడ

సూదితో పని త్వరగా అవుతుంది, కాదనను. కానీ చేయి తిరగనివాళ్లు వాడితే లోపల వెంట్రుకలు విరిగి డ్రెడ్ గట్టి పుల్లలా అవుతుంది, ఏడాది తర్వాత మధ్యలో నీరసపడి వంగిన చోట తెగుతుంది. నేను ఇద్దరికి అలా అవడం చూశాను. కొత్తమెలి గారి జుట్టు బిగువు ఉంగరాలది కాబట్టి సూది అవసరమే రాదని నా ఉద్దేశం.

ఒంటిసూది

నిజమే, బిగువు ఉంగరాలకి నేనూ చెప్పను. నేను కూడా నెల నెలా పొడవను, రెండు మూడు నెలలకోసారి వేళాడే వెంట్రుకలు మాత్రం లోపలికి తోస్తాను. ఇంటర్‌లాకింగ్, అంటే మెలి బదులు డ్రెడ్ కొసని కుదురులోంచి దూర్చి బిగించడం, చేయించుకునేవాళ్లకి కూడా ఒక మాట, అలా దూర్చేటప్పుడు ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి దూర్చకూడదు. పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, అలా దిక్కులు మార్చాలి. లేకపోతే కుదురు రెండుగా చీలి మధ్యలో కన్నం పడుతుంది.

సన్నపాయ

వంటసోడాతో కడిగితే త్వరగా కడతాయని విన్నాను. ఎవరైనా చేశారా?

నల్లఉంగరం

చేశాను, మానేశాను. జుట్టు గరుగ్గా అయి ముడి త్వరగా పడే మాట నిజమే. కానీ మాడు సహజంగా కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5.5 దగ్గర. సోడా నీళ్లు 8 దాటి ఉంటాయి. వారం వారం దాంతో కడిగితే నా కొసలు ఎండుగడ్డిలా విరగడం మొదలైంది. ఏడాదికోసారి లోపలి మురికి తీయడానికి వాడితే వాడొచ్చు, ఆ వెంటనే పలచటి వెనిగర్ నీళ్లు పోయాలి. ఉప్పునీళ్ల స్ప్రే కూడా అంతే, అప్పుడప్పుడు ఓకే, రోజూ కొడితే ఎండిపోతుంది.

కొత్తమెలి

ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఈరోజు పొద్దున్నే వాననీరు గారు చెప్పినట్టే మేజోడు వేసుకుని కడిగాను. 64లో తొమ్మిది విడిపోయాయి, తడిగా ఉన్నప్పుడే మళ్లీ వేళ్లతో మెలి పెట్టేశాను. దురద సగానికి సగం పోయింది. మిగతా దురదకి నూనె రాయొచ్చా?

వాననీరు

మాడుకి మాత్రం, వేలి కొసతో రెండు మూడు చుక్కలు, పల్చటి నూనె. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వెళ్తే గడ్డకడుతుంది, చలికాలంలో డ్రెడ్ లోపల అలాగే పేరుకుంటుంది, నాకు అయింది. టీ ట్రీ ఆయిల్ రాసేటట్టయితే తప్పకుండా వేరే నూనెలో కలిపి వాడండి, నేరుగా రాస్తే చర్మం మండిపోతుంది. పసుపుపచ్చ జిడ్డు పెచ్చులు, ఎర్రదనం ఉంటే మాత్రం అది పొడిదనం కాకపోవచ్చు, చుండ్రు జాతిది అయితే నూనె రాస్తే ఇంకా పెరుగుతుంది. డాక్టర్‌కి చూపించండి.

ఏడేళ్లజడ

ఒకటి చెప్పడం మర్చిపోయాను. తలస్నానం అయ్యాక ప్రతిసారీ కుదుళ్ల దగ్గర వేళ్లు పెట్టి పక్కపక్క డ్రెడ్స్‌ని విడదీయండి. లేకపోతే రెండూ కుదురులో కలిసిపోయి ఒకటవుతాయి. కొత్తలో రెండు చేతుల్తో మెల్లగా లాగితే చిటచిట శబ్దంతో విడిపోతాయి. నెలలు వదిలేస్తే కత్తెర పెట్టాలి.

సన్నపాయ

నచ్చకపోతే విప్పేసుకోవచ్చా, గుండు తప్పదా?

పట్టుతలపాగా

విప్పొచ్చు, నేను మొదటిసారి వాటిని విప్పాలనే ముందు చూశాను. కొసలు కొంచెం కత్తిరించి, కండిషనర్‌లో నానబెట్టి, కొస నుంచి పైకి స్టీలు దువ్వెన మొనతో కొంచెం కొంచెంగా. ఒక్కో డ్రెడ్‌కి గంట పైనే. నావి మైనం వల్ల సాగలేదు, ఎనిమిది విప్పి మిగతావి కత్తిరించాను. శుభ్రంగా ఉన్నవైతే నా స్నేహితురాలు నాలుగు రోజులు కూర్చుని మొత్తం విప్పుకుంది. గుప్పెళ్లు గుప్పెళ్లుగా జుట్టు వస్తుంది, అది చూసి హడలిపోవద్దు. రోజుకి 50 లెక్కన ఆరు నెలలకే 9,000 వెంట్రుకలు, అవన్నీ ఎప్పుడో రాలినవే, లోపల ఆగి ఉన్నాయి.

కొత్తమెలి

మూడు నెలలయ్యాక రాస్తున్నాను. వారానికోసారి పొద్దున్న తలస్నానం, మెలి ఇప్పటికి రెండేసార్లు. జుట్టు చెవుల పైకి వెళ్లిపోయింది, బాగా కుదించుకుపోయింది. నిన్న రాత్రి చదువుకుంటూ అలవాటుగా చెవి వెనక డ్రెడ్‌ని వేళ్ల మధ్య జారుస్తుంటే మధ్యలో ఆగింది. మిరియం గింజంత లేదు, ఆవగింజంతే ఉందేమో. నొక్కాను, జరగలేదు. దీపం వేసి మిగతావన్నీ ఒక్కోటి తడిమాను, ఇంకో ఐదింటికి ఉంది, అన్నీ వెనక వైపే. ముందు వైపువి ఇంకా మెత్తగానే ఉన్నాయి, వాటికి ఎక్కువ టైం పడుతుందా?

ఏడేళ్లజడ

శుభాకాంక్షలండీ, చాలా సంతోషంగా ఉంది! పడుతుంది. వెనకవి దిండుకి ఒరుసుకుంటాయి కాబట్టి త్వరగా కడతాయి, నావి కూడా నుదుటి దగ్గరవి నాలుగు నెలలు ఆలస్యంగా కట్టాయి. వాటిని ముట్టుకోకండి.