జేసీబీకి సింథటిక్ ఆయిల్ వేయాలా, మినరల్ చాలా?

జేసీబీ ఓనర్, ఒంగోలు:
మాది ఒకటే జేసీబీ, ఇంకా ఈఎంఐ నడుస్తోంది. ఇప్పటిదాకా ఇంజిన్‌కు 15డబ్ల్యూ-40 మినరల్ (ముడి చమురు శుద్ధి చేసి తీసే మామూలు) ఆయిలే, 250 గంటలకోసారి మార్పిస్తున్నాను. షాపాయన ఫుల్ సింథటిక్ పోస్తే 500 గంటల దాకా చూడక్కర్లేదంటున్నాడు. ధర రెట్టింపు పైనే. ఇంజిన్ పాడైతే తట్టుకోలేను, అదే టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి.

క్వారీ మెకానిక్, చీమకుర్తి:
అన్నా, 15డబ్ల్యూ అన్నది చలి లెక్క, 40 అన్నది వేడి లెక్క. 5డబ్ల్యూ-40 సింథటిక్ అయినా, మన 15డబ్ల్యూ-40 అయినా 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపే ఉండాలి. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. ఒంగోలులో అంత చలి ఎక్కడిది?

మన బండ్లను తినేది దుమ్ము. మా క్వారీలో ఒక ప్రొక్లెయిన్‌కు ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) వెళ్లే హోస్ క్లిప్పు వదులైంది, ఎవరూ చూడలేదు. ఇంజిన్‌లో ఉన్నది ఖరీదైన సింథటిక్కే. కొన్ని నెలలకే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. విప్పితే లైనర్లు, రింగులు అరిగిపోయి ఉన్నాయి. గ్రానైట్ పొడి లోపలికి పోయాక ఏ ఆయిలూ కాపాడదు. ఆ రోజు ఓనర్ ముఖం చూడలేకపోయాను.

టిప్పర్ల ఓనర్, రామగుండం:
దుమ్ము సంగతి నిజమే కానీ వేడి సంగతి వదిలేశావు తమ్ముడూ. ఎండాకాలం లోడుతో ఎక్కి వచ్చి డ్రైవర్ టక్కున ఇంజిన్ ఆపేస్తే, టర్బో బేరింగ్ దగ్గర నిలిచిన ఆయిల్ మాడి మసి కడుతుంది. మంచి సింథటిక్ ఆ వేడిని మినరల్ కంటే బాగా తట్టుకుంటుంది. మినరల్ వాడిన రోజుల్లో నాకు రెండు టర్బోలు పోయాయి. సింథటిక్‌కు మారి, ఆపే ముందు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో (లోడు లేకుండా నెమ్మదిగా తిరిగేలా) ఉంచమని డ్రైవర్లకు గట్టిగా చెప్పాక ఒక్కటీ పోలేదు.

క్వారీ మెకానిక్, చీమకుర్తి:
రెండూ ఒకేసారి మార్చారు కదా అన్నా. టర్బోలను కాపాడింది ఆయిలా, ఐడ్లింగా?

టిప్పర్ల ఓనర్, రామగుండం:
విడదీసి చెప్పలేను, ఒప్పుకుంటాను. అయినా నా బండ్లకు సింథటిక్ మానను. టర్బో పోతే ఆయిల్ ఖర్చు ఒక్కటే కాదు, బండి నిలబడిపోతుంది.

ఖమ్మం వాడిని, ప్రస్తుతం ఫోర్ట్ మెక్‌ముర్రే, కెనడా:
ఇక్కడ చలికాలం మైనస్ 35 దాకా పోతుంది. 15డబ్ల్యూ ఆయిల్ గ్రీజులా గడ్డకట్టి ఇంజిన్ తిరగదు. 0డబ్ల్యూ-40 సింథటిక్ తప్పనిసరి. ఒంగోలుకు ఆ అవసరం లేదు.

ఇంకోటి, డబ్బా మీద సింథటిక్ అని చూసి మోసపోకండి. గ్రూప్ 3 బేస్ ఆయిల్‌ను (డబ్బాలో ఎక్కువ భాగం ఉండే అసలు నూనె) ముడి చమురు నుంచే తీస్తారు, బాగా శుద్ధి చేశాక సింథటిక్ పేరుతో అమ్ముతారు. మంచి ఆయిలే, కానీ గ్రూప్ 4 పీఏఓ (రసాయనికంగా తయారుచేసే నూనె) వేరు. మీకు ముందు కావాల్సింది బండి మాన్యువల్ అడిగిన నాణ్యత గ్రేడు, డబ్బా మీద ఉండే సీఐ-4 ప్లస్సో సీకే-4ో. 250ని 500 చేయాలంటే షాపాయన మాట చాలదు. వాడిన ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపాలి. ఇనుము పెరిగితే అరుగుదల, సిలికాన్ పెరిగితే దుమ్ము దూరుతోందని అనుమానించాలి. టీబీఎన్ బాగా పడిపోతే ఆమ్లాలను అణిచే శక్తి అయిపోవచ్చిందని అర్థం.

జేసీబీ ఓనర్, ఒంగోలు:
ఈ పూట హోస్ విప్పి లోపల వేలు పెట్టి చూశాను, సన్నటి దుమ్ము అంటింది. రేపే క్లిప్పులు, ఫిల్టర్ మారుస్తున్నాను. ఆయిల్ మాత్రం మినరలే, 250 గంటలకే. శాంపిల్ ఎలా తీయాలి?

ఖమ్మం వాడిని, ప్రస్తుతం ఫోర్ట్ మెక్‌ముర్రే, కెనడా:
ఇంజిన్ వేడి మీద ఉండగానే డ్రెయిన్ బోల్టు విప్పండి, చెయ్యి జాగ్రత్త. మొదటి ధార వదిలేసి, మధ్య ధారలో శుభ్రమైన సీసాలో పట్టండి. అడుగున మిగిలింది వద్దు. సీసా మీద అవర్ మీటర్ రీడింగ్, ఆయిల్ ఎన్ని గంటలు నడిచిందో రాయండి.